రెండో ముక్క

నేను ఒక ఫైర్‌వాల్‌ని. ఇంటర్నెట్టు తీగ లోపలికొచ్చే గుమ్మంలో కూర్చునే ఇనుప పెట్టెను, కాపలావాణ్ణి. ముందు ఒక ఇంజనీరింగు కాలేజీలో పిల్లల సినిమాలు ఆపి నానా తిట్లూ తిన్నాను. తర్వాత ఉత్తరాంధ్రలో ఒక జైలుకి చేరాను. మనుషుల్ని ఆపడానికి అంత ఎత్తు గోడ కట్టుకుని, మాటల్ని ఆపడానికి నన్ను కొనుక్కున్నారు! ఇప్పుడు అక్కడే విరిగిన కుర్చీల కింద పడి ఉన్నాను కాబట్టి తీరిగ్గా చెబుతున్నాను.

ఎవరు ఎవరితో మాట మొదలెట్టారో నా పట్టీలో రాసుకుని, దాని ప్రకారం పోనివ్వడం నా పని. చిన్న కబురైతే ఒక్క కవరులో పడుతుంది. పెద్దదైతే ముక్కలై వస్తుంది. చిక్కేమిటంటే, ఏ తలుపు తట్టాలో ఆ నంబరు మొదటి ముక్క మీదే ఉంటుంది. అన్నీ వచ్చేదాకా ఆగి, అతికి చూసి పంపాలి. ఆ ఓపిక నాకు ఉండేది.

నన్ను చూసుకునే ఇంజనీరు గౌరునాయుడు మంచివాడే గానీ తొందర మనిషి. ముక్కల మాటున దొంగలు దూరుతారని తనిఖీవాళ్లు భయపెడితే, అతికే పని మాన్పించి, నంబరు లేని ముక్కను పారెయ్యమని నాకు రాసిపెట్టాడు. తర్వాత ఖైదీలు ఇంటివాళ్లతో మాట్లాడే ములాఖత్ గదిలో వీడియో ఫోనెత్తి, "హలో, ఇనబడతందా?" అన్నాడు. వినబడింది. ఉత్త మాటకైతే పిలుపు ఒక్క కవరులోనే పడుతుంది మరి! బొమ్మ కూడా కావాలంటేనే అది రెండు ముక్కలవుతుంది. చెవితో పరీక్ష పెట్టి, పనైపోయిందనుకుని వెళ్లిపోయాడు.

అప్పలసూరి చేపల వేలంలో కొట్లాట కేసు మీద వచ్చిన రిమాండు ఖైదీ. వాళ్లమ్మ పోలమ్మకు పుట్టు చెవుడు, మాట రాదు. తల్లీకొడుకుల మధ్య ఉన్నవన్నీ చేతి సైగలే, అవీ ఆ ఇద్దరూ కల్పించుకున్నవే. ఆమె మంచాన పడింది. పోయేలోగా కొడుకును ఒక్కసారి చూడాలి. వారం వారం అతను వీడియో నొక్కేవాడు. మొదటి ముక్కను పంపి, రెండోదాన్ని నేను పారేసేవాణ్ణి. సగం పిలుపుకి అవతల ఫోను మోగదు.

"ఫోను బాగానే ఉంది కదరా, మాటాడుకో," అనేవాడు వార్డరు.

"మాయమ్మకి ఇనబడదు సార్. నన్ను సూడాల."

అలా అయిదు వారాలు. పారేసిన ప్రతి ముక్కనూ రాసిపెట్టాను, చదివిన నాథుడు లేడు. చివరికి వార్డరే మనసు ఆగక గౌరునాయుణ్ణి పిలిపించాడు. అతను నా రాతలు తెరిచి, "అయ్యబాబోయ్, ఏటి సేసేసేను!" అని తల పట్టుకున్నాడు. అతికే పని మళ్లీ అప్పజెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది.

ఆ ఉదయమే అప్పలసూరి మళ్లీ వీడియో నొక్కితే బొమ్మ వచ్చింది. చాప మీద పోలమ్మ, ముక్కులో దూది. తెల్లారకముందే పోయిందట. ఫోను పట్టుకున్నది పక్కింటి చిన్నమ్మడు.

అప్పలసూరి ఏడవలేదు. రెండు చేతులూ ఎత్తి సైగలు మొదలెట్టాడు.

"నోటితో సెప్పు నాయనా, నీ సైగలు మాకు తెలీవు," అంది చిన్నమ్మడు.

అతను ఆపలేదు. అమ్మకు ఏనాడూ నోటితో చెప్పి ఎరగడు. నాకు దుఃఖం ఆగలేదు. ఆ చేతులు ఎన్ని ముక్కలై వచ్చినా అన్నిటికీ ఆగి, అతికి, ఒక్కటీ పోకుండా ఆమె దగ్గరికి పంపాను. ఆమె కళ్లు మూసే ఉన్నాయి.