పేలని తూటా

రాయదుర్గం గుట్టల్లో బాలనర్సయ్య ముఠాకు తెగువ గలవాళ్లని పేరు. పట్నంలో మేడలు జోరుగా లేస్తున్న రోజులవి, డెబ్బై రెండో డెబ్బై మూడో. బండలు పగలగొట్టే ముఠాలు ఆ గుట్టల నిండా ఉండేవి. ఒక ముఠా పనితనానికి పేరు పడితే, ఇంకో ముఠా తాగుడుకు పేరు పడింది. బాలనర్సయ్య మనుషులకు మాత్రం భయం తెలియదనేవారు.

బండకు తొలిచిన రంధ్రంలో మందు కూరిన తూటా పెట్టి, వత్తి అంటించి, "హుషార్! హుషార్!" అని కేకలేసి హెచ్చరిస్తూ పరుగెత్తి దాక్కోవడం అన్ని ముఠాలూ చేసేదే. తూటా పేలకపోయినప్పుడే తేడా తెలిసేది. మిగతావాళ్లు ఆ బండ జోలికి పోకుండా మర్నాటిదాకా ఆగేవారు. వీళ్లు ఆగేవారు కాదు. కాసేపటికే ఎవరో ఒకరు లేచి వెళ్లి, పుల్లతో మందు గెలికి తీసేసేవారు. ఫలానావాడు వెళ్లాలని మేస్త్రి బాలనర్సయ్య ఏనాడూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ రాలేదు. తూటా పెట్టినవాడి వైపు అందరూ ఒక్కసారి చూస్తే చాలు, వాడే లేచేవాడు.

ముఠాలో చేరిన కొత్తలో మొగిలి, మోతకు చెవులు మూసుకుని బండ వెనక ముడుచుకుపోయాడు. ఆ రోజంతా అతన్ని "పెండ్లికూతురా" అని పిలిచి ఏడిపించారు. ఎండాకాలం వచ్చేసరికి, ఇంకొకడు బెదిరితే అందరికన్నా గట్టిగా నవ్వేది మొగిలే.

సత్తెమ్మ అదే ముఠాలో రాళ్లు మోసేది. ఆమె భర్త వీరేశం తూటాలు పెట్టేవాడు. సత్తెమ్మ మాట తక్కువ మనిషి. కానీ చుట్టూ జరిగేదంతా ఆమె కంట పడేది. తూటా పేలని రోజున మగవాళ్ల సద్ది గిన్నెల్లో అన్నం సగం మిగిలిపోయేది. నవ్వులు మాత్రం మామూలుకన్నా ఎక్కువగా వినిపించేవి. ఆ రెండూ కలిపి చూస్తే ఆమెకు ఏదో తేడాగా తోచేది. ఎవరితోనూ అనలేదు.

ఒక మధ్యాహ్నం లారీ వచ్చి నిలబడి ఉంది. కాంట్రాక్టరు గుమస్తా సుబ్రహ్మణ్యం గొడుగు కింద నిలబడి తొందర పెడుతున్నాడు. వరసగా పెట్టిన తూటాలన్నీ పేలాయి గానీ చివరిది పేలలేదు. అది మొగిలి పెట్టింది.

అందరూ అతని వైపు చూశారు. మొగిలి నవ్వుతూనే లేచాడు. పుల్ల అందుకోబోతే జారి కిందపడింది. వంగి తీసుకున్నాడు. మళ్లీ జారింది.

సత్తెమ్మ తలమీది గంప దించి, గబగబా నడిచి వెళ్లి, బండకు పోయే దారికి అడ్డంగా కూర్చుంది.

"ఏమైందే?" అన్నాడు వీరేశం.

"నాకు భయమైతుంది."

అందరూ గొల్లున నవ్వారు. "నిన్ను ఎవలు పొమ్మన్నరు? పోయేటోడు మొగిలి గద" అన్నాడు వీరేశం.

"ఆయన పోతుంటెనే భయమైతుంది. మొన్న నువ్వు పోయినప్పుడు గూడ అయింది. అప్పుడు నోరు మూసుకున్న."

"లే ఇగ. నలుగురి ముంగట నా ఇజ్జత్ తియ్యకు."

ఆమె లేవలేదు. గొంతు వణుకుతోంది. ఆ వణుకును దాచుకోవాలని కూడా ఆమె చూడలేదు. "నవ్వుండ్రి, నాకేం ఫికర్ లేదు. మీలో భయం లేనోళ్లు ఎవలన్న ఉంటే చెయ్యి లేపుండ్రి. అప్పుడు లేస్త."

నవ్వులు ఆగిపోయాయి. పక్కవాడు చెయ్యి ఎత్తుతాడేమోనని ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు. ఆ క్షణంలో ఒక్క చెయ్యి లేచినా మిగతావన్నీ లేచి ఉండేవి. మొగిలి బండ దగ్గరికి వెళ్లి ఉండేవాడు. మోకాలి మీదున్న మేస్త్రి చెయ్యి కదిలింది కూడా.

అంతలో మేస్త్రి భార్య చంద్రమ్మ వచ్చి సత్తెమ్మ పక్కన కూర్చుంది. "నాకు గూడ భయమే" అంది, భర్త ముఖం చూడకుండా.

బాలనర్సయ్య తలపాగా తీసి ముఖం తుడుచుకున్నాడు.

"నాకు మొదటిసంది భయమే" అన్నాడు. "మీకెవలకు లేదనుకున్న. నా ఒక్కనికే ఉన్నదని, మేస్త్రినయ్యి గిట్ల జెప్తె ఎట్లుంటదని..."

మొగిలి ఉన్నచోటే కూలబడ్డాడు. "నేను గూడ మీరందరు నవ్వుతరనే లేచిన, వదినె" అన్నాడు.

సుబ్రహ్మణ్యం దగ్గరికి వచ్చాడు. "లోడు వెళ్లకపోతే నన్ను తిడతారండీ" అని మొదలుపెట్టి, దారికి అడ్డంగా కూర్చున్న ఇద్దరు ఆడవాళ్లనూ చూసి ఆగాడు. "అయినా నన్నే వెళ్లమంటే ఆ ఛాయలకి కూడా పోను. మీకు అసలు భయమే ఉండదేమో అనుకున్నానండీ" అన్నాడు. ఈసారి అందరూ మనసారా నవ్వారు. లారీ ఖాళీగానే వెళ్లిపోయింది.

మర్నాడు ఆ బండకే, పాత రంధ్రానికి కాస్త దూరంగా, కొత్త రంధ్రం తొలిచి తూటా పేల్చారు. గుట్టంతా అదిరింది. పాతది కూడా దాంతోపాటు పేలిందో, ముందే చచ్చిపోయి ఉందో ఎవరూ చెప్పలేకపోయారు. మొగిలి వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఎవరికీ తెలియదు. తన మాటే నిజమైందని సత్తెమ్మ ఏనాడూ అనలేదు. ఆ మనిషి గొప్పతనమంతా అక్కడే ఉంది. ప్రమాదం జరుగుతుందని ఆమె చెప్పలేదు. భయంగా ఉందని మాత్రమే చెప్పింది. అంతమంది మధ్య ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలో మగవాళ్లకు అప్పుడు తెలిసింది.

పక్క ముఠాలవాళ్లు ఊరుకోలేదు. దారిలో కనబడితే "సత్తెమ్మ ముఠా వస్తున్నది, జరగుండ్రి" అని వెక్కిరించారు. వీరేశం కొన్నాళ్లు తలెత్తుకోలేక, ఇంట్లో భార్యతో ముభావంగా ఉన్నాడు. ఆమె బతిమాలలేదు. పోట్లాడనూ లేదు. ఒకరోజు ఎవరో మళ్లీ అలాగే అంటే, బాలనర్సయ్య గట్టిగా "అవు, సత్తెమ్మ ముఠానే. పనుంటే చెప్పు" అన్నాడు. వెనక ఉన్నవాళ్లంతా "అవు" అన్నారు. ఆ తర్వాత వెక్కిరింతలు తగ్గాయి.

మరుసటేడు గోపన్‌పల్లి నుంచి నర్సింహ అనే మనిషి ముఠాలోకి వచ్చాడు. ఒంట్లో బలం ఉంది, కొంచెం గొప్పలు చెప్పుకునే అలవాటూ ఉంది. తూటా పేలని రోజున పుల్ల పట్టుకుని తనే చటుక్కున లేచాడు. ఎవరూ నవ్వలేదు, శభాష్ అనలేదు. ఆడా మగా అందరూ నీడలో కూర్చుని సుత్తులకు పిడులు బిగించుకుంటూ, నీళ్లు తాగుతూ ఉన్నారు. నర్సింహ కాసేపు ఒక్కడే నిలబడ్డాడు. తర్వాత ఏం చేయాలో తోచక తనూ వచ్చి కూర్చున్నాడు.

"గిదేం పద్ధతి? ఎవలు పెట్టిన్రు?" అని అడిగాడు.

సత్తెమ్మ ఏదో చెప్పబోయింది. వీరేశం ఆమెకన్నా ముందే అందుకున్నాడు.

"మా ఇంటామె" అన్నాడు.