దిండు కింద పది రూపాయలు

మిర్చి అమ్మిన డబ్బు చేతికి రాగానే మా ఆయనకు భద్రాచలం మొక్కు గుర్తొచ్చింది. ఎనభై ఏడో సంవత్సరం. ఆ ఏడు క్వింటాలుకు మంచి ధర పలికింది. దర్శనం అయ్యాక తిన్నగా ఎర్రుపాలెం వెళ్ళిపోకుండా, అడవిలో రిజర్వాయరు ఒడ్డున కొత్తగా కాటేజీలు కట్టారట, రెండు రాత్రులు ఉండి పోదామన్నారు. ఇరవై రెండేళ్ళ కాపురంలో అత్తగారు లేకుండా, పిల్లలు లేకుండా, పాలేళ్ళ కేకలు లేకుండా మేమిద్దరమే ఒక గదిలో ఉండటం అదే మొదటిసారి. చెప్పుకోవడానికి సిగ్గేగాని, పెట్టెలో ఒక కొత్త చీర పెట్టుకున్నాను.

ఆ చీర పెట్టెలోంచి తీయకముందే నేను ఒక మనిషి మీద కడుపు మండిపోయేలా కుళ్ళుకున్నాను. ఆవిడ పేరు అనంతమ్మ. నా ఈడే ఉంటుంది. పల్చటి జుట్టు, పాన్ నమిలి ఎర్రబడ్డ పళ్ళు. కాటేజీల్లో గదులు ఊడ్చి, పక్కలు మార్చే మనిషి. కొత్తగూడెం బొగ్గు బాయిలో మొగుడికి పని. ఆ గని క్వార్టర్ల నుంచి పొద్దున బస్సుకు వచ్చి సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతుంది. అందం చూసి కుళ్ళుకున్నానంటే నవ్విపోతారు. అసలు సంగతి వేరు.

రాత్రికి చేరి, మర్నాడు పొద్దున్నే పడవ ఎక్కి నీళ్ళ మీద తిరిగొచ్చాం. గది తలుపు తీయగానే మా ఆయన గుమ్మంలోనే నిలబడిపోయారు. పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. తువ్వాలును విసనకర్రలా మడతలు పెట్టి కాళ్ళవైపు నిలబెట్టింది. దిండు మీద ఒక మోదుగ పువ్వు.

"చూశావటే రత్నం? ఎంత శుభ్రంగా చేసిందో! పని అంటే ఇదీ" అన్నారు.

నేను చూశాను. దుప్పటిని కాదు, ఆయన మొహాన్ని చూశాను. ఇరవై రెండేళ్ళుగా ఆ మనిషి పడుకున్న పక్క నేనే పరిచాను. దోమతెర నేనే కట్టాను. బనీన్లకు గంజి పెట్టకూడదనీ, చొక్కాలకు పెట్టాలనీ, పంచెకు సగం పెట్టాలనీ నేనే గుర్తుపెట్టుకున్నాను. ఒక్కనాడూ గుమ్మంలో నిలబడి ఇలా చూసిన పాపాన పోలేదు. అదేదో రాత్రికి రాత్రి దుప్పటి తనంతట తానే పరుచుకున్నట్టు వచ్చి పడుకుని గురక పెట్టేవారు.

పక్క కాటేజీలో ఖమ్మం నుంచి వచ్చిన ట్రాక్టర్ షోరూం ఆయన దిగాడు. ఆయనతో టీ తాగి వచ్చి మా ఆయన కొత్త సంగతి చెప్పారు. పెద్ద పెద్ద ఊళ్ళలో ఇలాంటి చోట గది శుభ్రం చేసేవాళ్ళకు దిండు కింద డబ్బు పెట్టి వెళ్ళాలట. ఆ షోరూం ఆయన రోజుకు పది పెడుతున్నాడట.

"జీతం తీసుకోవడం లేదా ఆవిడ?" అన్నాను.

"జీతం జీతమే. ఇది మెచ్చుకోలు."

"మెచ్చుకోలుకి రెండు రూపాయలు చాలు. మనింట్లో పనిమనిషికి పండక్కి పాత చీర, మామిడికాయ పచ్చడి ఇస్తున్నాం. ఎప్పుడైనా దిండు కింద పెట్టామా?"

"అది ఊరు. ఇక్కడ అందరూ చూస్తారు" అని పది రూపాయల నోటు తీసి, వేలితో సాపు చేసి, దిండు కింద పెట్టారు.

పది రూపాయలంటే మా మిరపతోటలో ఒక ఆడమనిషి పొద్దున్నుంచి పొద్దు వాలేదాకా కాయ కోసిన కూలి. నా బాధ ఆ పదీ కాదనుకోండి. నోటు పెట్టిన పద్ధతి! మడత పెట్టకుండా, పువ్వును పెట్టినంత నెమ్మదిగా. నాకు డబ్బివ్వాలంటే ఎందుకు, దేనికి, నిన్న ఇచ్చింది ఏమయింది అని మూడు ప్రశ్నలు వేసి, బల్ల మీద పడేసి వెళ్ళేవారు. ఆ పూట నాకు అన్నం సయించలేదు. రిజర్వాయరు చేప పులుసు బ్రహ్మాండంగా ఉందని ఆయన రెండుసార్లు వడ్డించుకున్నారు. సాయంత్రం బస్సుకు వెళ్ళేముందు కూజాలో నీళ్ళు నింపడానికి వచ్చి అనంతమ్మ ఆ నోటు తీసుకెళ్ళింది.

మర్నాడు మేం వెళ్ళిపోయే రోజు. మధ్యాహ్నం బస్సు. పొద్దున్నే షోరూం ఆయన పిలిస్తే మా ఆయన గట్టు మీద నడవడానికి వెళ్ళారు. నేను కాళ్ళు నొప్పులని చెప్పి ఉండిపోయాను. అనంతమ్మ చీపురు, బకెట్టు, ఫినాయిలు సీసా పట్టుకుని వచ్చింది.

"అవన్నీ ఇక్కడ పెట్టి వెళ్ళు. ఈ గది నేను చేసుకుంటాను" అన్నాను.

ఆమె తెల్లబోయింది. "ఏందమ్మా, నిన్న ఏమన్న తక్కువ జేసిన్నా?"

"తక్కువేం లేదు. ఎక్కువే చేశావు."

"సూపర్వైజరుకు తెలిస్తే నన్ను తిడ్తడమ్మా."

"నేను చెప్పనులే. పో, ముందు పక్క గదిలో దుప్పట్లు మార్చుకో."

తలుపు గడియ పెట్టుకుని కొంగు బిగించాను. మా ఇల్లు కూడా నేను అంత కసిగా ఎప్పుడూ కడగలేదు. మంచం కింద బొద్దింకను చంపాను. స్నానాల గది గచ్చు మోకాళ్ళ మీద కూర్చుని రుద్దాను. కిటికీ అద్దాలు నా పాత లంగా గుడ్డతో తుడిచాను. తువ్వాలు విసనకర్ర మడత మాత్రం ఒక పట్టాన కుదరలేదు. పట్టుచీర కుచ్చిళ్ళు పెట్టడం నాకు చిన్నప్పటి నుంచీ వచ్చు, అయినా ఆ దిక్కుమాలిన తువ్వాలు నాలుగుసార్లు కూలబడింది. అయిదోసారి నిలబడింది. బయటికి వెళ్ళి పువ్వు ఏరుకొచ్చి దిండు మీద పెట్టాను. తర్వాత కొత్త చీర కట్టుకుని కుర్చీలో కూర్చున్నాను.

నా ఆశల్లా ఒక్కటే. ఆయన లోపలికి వచ్చి, నా చేతులు ఫినాయిలు వాసన కొడుతుంటే, "రత్నం, నువ్వా చేసింది?" అనాలి. అంతకన్నా ఒక్క మాట కూడా ఎక్కువ అక్కర్లేదు.

ఆయన వచ్చారు. మళ్ళీ గుమ్మంలో నిలబడ్డారు. "అబ్బ! నిన్నటికన్నా బాగుందే ఇవాళ. అద్దాలు కూడా తుడిచింది చూడు. పది పెట్టినందుకు ఎంత తేడానో!" అన్నారు. నా చీర వైపు కూడా చూడలేదు.

నేనే చేశానని చెప్పొచ్చు. కానీ నేనే అడిగి చెప్పించుకునే మాట ఎందుకు నాకు? ఉప్పు సరిపోయిందా అని అడిగితే ఊఁ అన్నట్టే ఉంటుంది.

సామాను సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి అనంతమ్మ చీపురు కోసం వచ్చి అక్కడే నిలబడి ఉంది. మా ఆయన జేబులోంచి ఇరవై రూపాయల నోటు తీశారు. "ఇదుగో అమ్మాయ్, ఉంచు. నా జన్మలో ఇంత శుభ్రమైన గది చూడలేదు. నీ చేతిలో ఏదో ఉంది" అన్నారు.

అనంతమ్మ చెయ్యి చాపింది. చాపి, నా వైపు చూసి వెనక్కి తీసుకుంది.

"ఇయ్యాల నేను ముట్టనే లేదు సార్. అమ్మనే ఊడ్చింది, అమ్మనే కడిగింది. నన్ను లోపటికే రానియ్యలె. గా పైసలు అమ్మకియ్యున్రి."

ఇప్పుడంటారు, ఇప్పుడైనా అంటారు అనుకున్నాను. మా ఆయన నా వంక చూశారు, గదిలోకి చూశారు. పకపకా నవ్వారు.

"ఓసి నీ పిచ్చి! డబ్బు కట్టి వచ్చి ఇక్కడ కూడా చీపురు పట్టావా? ఇంటి మనిషికి ఇనామేంటి, బాగుంది" అని ఆ నోటు నా చేతిలో పెట్టారు. "సంచిలో వెయ్యి. కొత్తగూడెంలో రైలు టిక్కెట్లకు పనికొస్తుంది."

అదే గది. అదే గచ్చు. ఆవిడ చేసిందనుకున్నంతసేపు ఇరవై రూపాయలు. నేను చేశానని తెలిశాక టిక్కెట్లకు చిల్లర. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. అంతకన్నా ఎక్కువగా, నిజం చెప్పి నోటికాడి కూడు పోగొట్టుకుని చేతులు కట్టుకు నిలబడ్డ ఆ మనిషిని చూసి సిగ్గేసింది. కుళ్ళు నాది, నష్టం ఆమెది.

"ఇదుగో అనంతమ్మా, తీసుకో" అన్నాను.

ఆమె మా ఆయన వైపు చూసింది.

"ఆయన వైపు చూడకు. ఇచ్చేది నేను. ఇవాళ నీ పని నేను లాక్కున్నాను, నువ్వు అడ్డం పడలేదు. తీసుకో."

"రత్నం!" అన్నారు మా ఆయన. నేను వినలేదు.

అనంతమ్మ నోటు తీసుకుని కళ్ళకద్దుకుని, రెండు మడతలు పెట్టి, బొడ్డులో దోపుకుంది. "సల్లగుండమ్మా" అంది. ఆయన బస్సు ఎటు నుంచి వస్తుందో చూడ్డానికి విసురుగా ముందుకు వెళ్ళారు.

"దాంతో ఏం కొంటావు?" అని అడిగాను. ఎందుకు అడిగానో నాకే తెలియదు.

"ఏమో అమ్మా, ఇంక అనుకోలె" అంది నవ్వుతూ. "మా ఆయన బాయి పైసలు ఆయనయి, నా పైసలు నాయి. కొన్నంక నాకే ఎరుకైతది."

నిన్నటి కుళ్ళంతా ఒక ఎత్తు, ఆ మాట విన్నాక పుట్టింది ఒక ఎత్తు. ఇంకా అనుకోలేదట! ఇరవై రూపాయలు బొడ్డులో పెట్టుకుని, ఏం కొనాలో ఇంకా అనుకోకుండా, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేకుండా ఫినాయిలు సీసా ఊపుకుంటూ పక్క కాటేజీలోకి వెళ్ళిపోయింది. ఆమె వీపు కనిపించినంతసేపూ చూస్తూ నిలబడ్డాను.

బస్సు కొత్తగూడెం దగ్గరపడుతుంటే, సంచిలో ఇంకా ఎంతుందని మా ఆయన అడిగారు. ముప్ఫయి నాలుగు రూపాయల అరవై పైసలని లెక్క అప్పజెప్పాను.