నీలం కాయితం

భార్య మంచం ముందు మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, ఆసుపత్రి వాళ్లిచ్చిన ట్యాబ్‌ని దానికి బిగించాడు ఫొటోగ్రాఫరు. స్టూడియో మూసేసి ఆరేళ్లయినా సామానంతా ఇంట్లోనే పడుంది. రోజూ ఉదయం పదిన్నరకి ఆ ట్యాబ్‌లో నర్సు కనబడుతుంది. నొప్పి ఎంతుంది, ఏం తిన్నారు, జ్వరం తగిలిందా అని అడుగుతుంది. మొహం చూస్తుంది, కళ్లు చూస్తుంది, రాసుకుంటుంది. క్యాన్సర్ మనిషిని ఆసుపత్రి చుట్టూ తిప్పకుండా ఇంట్లోనే కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు అది.

మొదటి రోజే నర్సు ఒక మాట చెప్పింది. "పైత్యరసం దిగడానికి అమ్మకి లోపల చిన్న గొట్టం వేశారు సార్. అది పూడుకుపోతే కళ్లు పచ్చబడతాయి. అప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు. గొట్టం మారిస్తే మళ్లీ కొన్నాళ్లు నెట్టుకొస్తారు."

"ముప్పై ఎనిమిదేళ్లు మొహాలు చూసి బతికినవాణ్ణి సిస్టర్. నాకు చెప్పాలా?" అన్నాడు.

మూడో వారంలో ఒక ఉదయం తెరమీద భార్య మొహం పసుపు తిరిగి కనబడింది. ఆయనకి చిర్రెత్తుకొచ్చింది. గదిలో బల్బు మీద. బొమ్మ పసుపు తిరిగితే ముందు దీపాన్ని అనుమానించడం ఆయనకి ఒంటబట్టిన విద్య. ట్రంకు పెట్టె దులిపి, స్టూడియో దీపం తీసి, దాని ముందు వెలుతురు దూరే పల్చటి నీలం కాయితం క్లిప్పుతో బిగించాడు. పసుపు విరిగిపోయింది.

భార్య తెరలో తనని తాను చూసుకుంది. "హమ్మయ్య, మనిషిలా ఉన్నాను. పెళ్లప్పుడు కూడా నన్నింత బాగా తియ్యలేదు మీరు."

"అప్పుడు కుదురుగా కూర్చున్నావా నువ్వు?"

"ఇప్పుడెలాగూ కదల్లేను. తీసుకోండి తీరిగ్గా."

"ఇవాళ తేటగా ఉన్నారమ్మా," అంది నర్సు. ఆయన లోలోపల పొంగిపోయాడు. ఒళ్లంతా దురదగా ఉందని ఆవిడ చెప్పుకుంటే, నర్సు ఆ తేట మొహం చూసి, చర్మం పొడిబారిందేమో, నూనె రాయమంది. ఆయన రాశాడు.

ఆ దీపం పెట్టిన అయిదో రోజు బావమరిది వచ్చాడు. బస్సు డ్రైవరు. వసారాలో కుర్చీలో కూర్చోబెట్టిన అక్కని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"బావా, అక్క పచ్చగా ఉంది."

"ఎండపొడ పడిందిలే. రంగుల సంగతి నీకేం తెలుసురా? ముందా కళ్లజోడు తుడుచుకో."

"తుడుచుకునే చూశాను."

"రోజూ నర్సు చూస్తోంది, నేను చూస్తున్నాను. నువ్వెళ్లి నీ బస్సు తోలుకో."

"ఊరుకోరా," అంది ఆవిడ. "ఆయన కంటికి వంక పెడితే రెండు పూటలు అన్నం మానేస్తారు."

పదో రోజు ఆవిడకి వణుకుతో జ్వరం వచ్చింది. పదిన్నరకి నర్సు చూసి కుర్చీలోంచి ముందుకు వంగింది.

"ఆ లైట్లన్నీ తీసెయ్యండి సార్. మంచం కిటికీ వైపు తిప్పండి. కింది రెప్ప లాగి చూపించండి."

దీపం ఆర్పాడు. మంచం తిప్పాడు. రెప్ప లాగాడు. నర్సు చేతిలో కలం ఆగిపోయింది.

"ఎన్నాళ్లయింది సార్ ఇలా?"

ఆయన రెప్ప మీంచి వేలు తీసేశాడు. భార్య ఆయన మొహంలోకి చూసింది.

"ఏమైందండీ? బాగా రాలేదా?"

అరగంటలో అంబులెన్సు వచ్చింది. గొట్టం పూడుకుని చీము రక్తంలో కలిసిందన్నాడు డాక్టరు. వారం ముందు తెచ్చి ఉంటే అని ఏదో మొదలుపెట్టాడు. ఫొటోగ్రాఫరు చెయ్యి ఎత్తి ఆపేశాడు. నాలుగో రోజు ఆవిడ పోయింది.

రెండు వారాలకి ట్యాబ్ మోగింది. నర్సే. దాన్ని ఎప్పుడు తీసుకెళ్లమంటారో కనుక్కోవాలి. అది అడగలేక, "తప్పు నాది కూడా సార్," అంది. "వారానికోసారి పగటి వెలుతురులో కళ్లు చూడాలని మాకు నియమం ఉంది. బొమ్మ బాగుందని నేను అడగలేదు."

బాధపడకమ్మా అనడం పెద్దవాడి మర్యాద. ఆయన అనలేదు.

"అది మీ కాయితాల్లో రాశావా?"

"ఏది సార్?"

"మొగుడు రంగు మార్చాడని. నర్సు నియమం తప్పిందని."

"జ్వరం వచ్చిందని రాశాను. ఆసుపత్రికి పంపామని..."

"అది కాదు. ఇది రాయి. నేను కూర్చుంటాను."

ఆమె రాయడం మొదలుపెట్టింది. మధ్యలో కళ్లజోడు తీసి ముక్కు తుడుచుకుంది. ఆయన అలాగే చూస్తూ కూర్చున్నాడు.

"అయింది సార్."

"చదువు."

చదివింది. మొదటి వాక్యం గట్టిగానే వచ్చింది, రెండోది, తన తప్పు రాసుకున్నది, గొణుగుడైపోయింది.

"వినబడలేదు," అన్నాడాయన. "మళ్లీ చదువు."