ఎనభై రెండో పెట్టె

గల్ఫ్‌కు వచ్చాక హూరా పేటలో మేము పదకొండేళ్ళు ఉన్న ఇల్లు నాలుగో అంతస్తులో. 2007 మే నెలలో దాన్ని ఖాళీ చేసి, రెండు సందుల అవతల ఒంటి గది ఇంట్లోకి మారాలని నిర్ణయించుకున్నాను. ఒక్క మనిషికి రెండు పడక గదులు ఎక్కువ. సామాను పెద్దగా లేదు. మంచం, బీరువా, ఫ్రిజ్, నా స్కూలు పుస్తకాలు, ఎనభై మూడు జిగ్‌సా పజిల్ పెట్టెలు. ఇబ్బందంతా ఒక ప్లైవుడ్ చెక్కతో వచ్చింది.

ఆ చెక్క రెండో గదిలో రెండు స్టూళ్ళ మీద ఉండేది. దాని మీద వెయ్యి ముక్కల పజిల్ సగానికి పైగా పెట్టి ఉంది. చెక్కను నిలువుగా తిప్పితే తప్ప లిఫ్టులో పట్టదు. తిప్పితే ముక్కలు రాలిపోతాయి. మెట్ల మలుపుల్లోనూ అంతే. కాబట్టి ఊడదీయాలి. నవంబరు నుంచి ఆ గది తలుపు మూసే ఉంచాను. ఊడదీయడం అనే మాట మాత్రం రోజూ గుర్తుకొచ్చేది.

అది మావారు భానుమూర్తి గారు పెడుతూ వదిలేసిన పజిల్. ఆయన అస్కర్ దగ్గర కర్మాగారంలో కెమిస్టు. నవంబరులో పోయారు.

ఆయనకు పజిళ్ళ పిచ్చి పట్టింది అవాలిలో. అది ఆయిలు కంపెనీ వాళ్ళ ఊరు. అక్కడి తెల్లవాళ్ళు కాంట్రాక్టు ముగిసి వెళ్ళిపోయేటప్పుడు ఇంటి ముందు బల్లలు వేసి సామాను అమ్ముకునేవారు. గిన్నెలు, దీపాలు, పిల్లల సైకిళ్ళ మధ్య ఎప్పుడూ రెండు మూడు పజిల్ పెట్టెలు ఉండేవి. మొదటిది సరదాగా కొన్నాం. రెండోదాని నుంచి ఆయన ఒక నియమం పెట్టుకున్నారు. మూత మీద బొమ్మ చూడకూడదు. బొమ్మ పక్కన పెట్టుకుని ముక్కలు కలపడం పుస్తకం వెనక జవాబు చూసి లెక్క చేయడం లాంటిదని అనేవారు.

అందువల్ల పెట్టెలు నేను కొనాల్సి వచ్చేది. ఆయన ఆ ఇంటి ప్రహరీ వైపు తిరిగి నిలబడేవారు. నేను బొమ్మలు చూసి ఎంచి, కారులో కూర్చుని, స్కూలు నోటు పుస్తకాలకు వేసే గోధుమరంగు కాగితంతో మూతకూ అడుగు పెట్టెకూ విడివిడిగా అట్టలు వేసేదాన్ని. పైన చీటీ అంటించి అంకె, ముక్కల లెక్క, తేదీ రాసేదాన్ని. బొమ్మ పేరు రాసేదాన్ని కాదు. ఒకసారి ఒక ఇంగ్లీషావిడ గోడ వైపు నిలబడ్డ మావారిని చూసి, "ఏం తప్పు చేశాడు?" అని నన్ను అడిగింది. "రేపటి నుంచి బుద్ధిగా ఉంటాడట" అన్నాను.

పజిల్ పూర్తయ్యాక ఆయనే అట్ట చింపి బొమ్మతో పోల్చి చూసుకునేవారు. వారం రోజులు అలాగే ఉంచి, ఊడదీసి, ముక్కలు లెక్కపెట్టి పెట్టెలో వేసేవారు. ఒకసారి పెట్టినది మళ్ళీ పెట్టేవారు కాదు. ఎవరికీ ఇచ్చేవారూ కాదు. అది ఎందుకో నేను అడగలేదు.

ఒక్కో పజిల్‌కు ఆయన నన్ను ఒక్క ప్రశ్న అడగవచ్చు. నేను అవును, కాదు అని మాత్రమే చెప్పాలి. చాలాసార్లు ఆ ప్రశ్న వృథా చేసుకునేవారు. ఒకసారి, "ఇది నీకు నచ్చే చోటేనా?" అని అడిగారు. కాదన్నాను. ఎడారి అనుకుని నెలంతా ఎడారి వెతికారు. చివరికి అది బుట్టలో పిల్లులు.

శుక్రవారాలు ఇనాయత్ వచ్చేవాడు. జగిత్యాల అతని ఊరు. కర్మాగారం స్టాఫ్ బస్సు నడిపేవాడు. మావారు ఆ బస్సులోనే వెళ్ళేవారు. జుమా నమాజు అయ్యాక సమోసాలు పట్టుకుని వచ్చి, చెక్కకు అటువైపు కూర్చునేవాడు. ఇద్దరూ నాలుగైదు గంటలు మాట్లాడకుండా ఉండగలిగేవారు. మాట్లాడితే పోట్లాడుకునేవారు.

"ఆకాశం నాకొదిలెయ్ భాయ్. నీకు ఓపిక లేదు."

"మీకు కండ్లు లేవు సార్. గీ ముక్క మీ మోచేతి కింద పొద్దటి సంది ఉన్నది."

ఎనభై రెండో పెట్టె, ఎనభై మూడో పెట్టె ఒకే రోజు కొన్నాం. సెప్టెంబరు మొదటి వారం, బాగా ఉక్కగా ఉంది. రెండూ ఒకే కంపెనీవి, ఒకే కొలతవి. ఎనభై రెండోది మంచుకొండల మధ్య సరస్సు. అందులో మనుషులు లేరు. అది పెట్టడం మొదలుపెట్టిన వారానికి ఆయన తన ప్రశ్న అడిగారు. "మనుషులున్నారా?" నేను నోటు పుస్తకాలు దిద్దుతూ తల ఎత్తకుండానే లేరన్నాను.

నవంబరులో ఆయనకు గుండెపోటు వచ్చింది. ఆరు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. నాలుగో రోజు సాయంత్రం కాస్త తేరుకుని, నా చెయ్యి పట్టుకుని, "కోమలా, ఆ బొమ్మ ఏమిటో చెప్పెయ్యరాదూ" అన్నారు. నేను చెప్పలేదు. "ఇంటికొచ్చి మీరే చూసుకుందురు గాని" అన్నాను. ఆయన నవ్వారు. ముక్కు దగ్గర గొట్టం కదిలేంతగా నవ్వారు. నర్సు వచ్చి కోప్పడింది. ఆరో రోజు తెల్లవారేసరికి ఆయన లేరు.

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు. చెబితే ఆయన ఇంటికి రారని ఒప్పుకున్నట్టు అవుతుందనిపించింది. నా దృష్టిలో అది సరైన కారణమే. కాని ఒక మనిషి చివరిసారి అడిగినది నేను ఇవ్వలేదు. నా దగ్గర ఉండీ ఇవ్వలేదు. ఆ నవ్వును చిన్నబుచ్చుకున్న మనిషి నవ్వుగానే గుర్తుపెట్టుకున్నాను. ఆరు నెలలుగా స్కూలుకు వెళ్ళాను, పరీక్ష పేపర్లు దిద్దాను, వంట చేసుకున్నాను. అన్నిటి అడుగునా ఇది ఉండేది.

మా ఊళ్ళో కర్మకాండలయ్యాక నేను తిరిగి వచ్చిన మొదటి శుక్రవారం ఇనాయత్ వచ్చాడు. తలుపు గొలుసు తీయకుండానే, "ఇంట్లో ఎవరూ లేరు" అని చెప్పాను. తర్వాతి వారం, ఆ పై వారం కూడా అలాగే పంపేశాను. నాలుగో వారం నుంచి రాలేదు.

ఇల్లు మారడానికి పికప్ ఒకటి చూడమని వాచ్‌మన్‌కు చెప్పాను. ఆ శుక్రవారం పికప్‌తో వచ్చింది ఇనాయత్.

"సలామలేకుం మేడమ్" అన్నాడు గడప బయటే నిలబడి. "సెలవు దినాన మా బామ్మర్ది బండి నేనే నడుపుత. నా పేరు చెప్పొద్దని వాచ్‌మన్‌తోని నేనే అన్న. చెప్తే ఇంకో బండిని పిలుస్తుంటిరి."

పిలిచేదాన్నే. అది అనలేదు. గొలుసు తీశాను.

అతను ఫ్రిజ్ చుట్టూ తాడు కడుతుండగా నేను రెండో గదిలోకి వెళ్ళాను. ఒక ప్లాస్టిక్ సంచి చెక్క అంచుకు ఆనించి, పై వరస నుంచి ముక్కలు ఊడదీయడం మొదలుపెట్టాను. బూడిదరంగు, లేత నీలం. సరస్సు మీద మంచు అనుకుంటూ పది ముక్కలు సంచిలో వేశాను.

"ఆగుండ్రి మేడమ్, ఆగుండ్రి!" ఇనాయత్ తాడు చేత్తో పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. "ఇదెందుకు తీస్తున్నరు?"

"లిఫ్టులో పట్టదు."

"పట్టకపోతే పూర్తి చేసి తీద్దం. ఆరొందలు పెట్టినం. నాలుగొందల కోసం పడగొడ్తరా?"

"అవసరమేముంది భాయ్? అది ఏ బొమ్మో నాకు తెలుసు. మీకు తెలుసుకోవాలని ఉంటే చెబుతాను."

నేను సంచి కింద పెట్టాను. మావారికి చెప్పనిది ఇతనికి చెప్పబోతున్నానని తెలిసే చెప్పాను.

"అదొక సరస్సు. చుట్టూ మంచుకొండలు. మనుషులు లేరు."

ఇనాయత్ నేల చూపులు చూశాడు. భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తల ఎత్తితే నవ్వుతున్నాడు. వెంటనే తాడు పట్టుకున్న చేత్తోనే నోరు మూసుకున్నాడు.

"మాఫ్ చెయ్యుండ్రి మేడమ్. మాఫ్ చెయ్యుండ్రి. సార్ ఖర్జూరం డబ్బా ఏడున్నది?"

నాకు అర్థం కాలేదు. అతనే చెక్క కింద వంగి, రంగుల వారీగా ముక్కలు వేసుకున్న స్టీలు పళ్ళాలు పక్కకు జరిపి, అడుగు నుంచి ఒక వెడల్పాటి రేకు డబ్బా లాగాడు. ఖర్జూరాలు అయిపోయాక మిగిలినది. ఇంట్లో అలాంటివి నాలుగైదు ఉన్నాయి. దాన్ని నేను ఎప్పుడూ తెరిచి చూడలేదు.

లోపల అట్టముక్క మీద జత చేసిన ముక్కలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఎర్రటోపీ పెట్టుకున్న కూలీ ఒకడు ట్రంకు పెట్టె తోస్తున్నాడు. ఒక ముసలామె చంకలో కుక్క. గడియారం సగం. గడియారం కింద జనం, ముఖాలే ముఖాలు.

అది రైల్వే స్టేషను. నేను ఆ బొమ్మ చూశాను. ఎనభై మూడో పెట్టె మీద.

బీరువా దగ్గరికి వెళ్ళి ఎనభై మూడో పెట్టె తెచ్చి మూత అట్ట చింపాను. స్టేషను. అడుగు పెట్టెలో ఉన్న సంచిలో ముక్కలన్నీ నీలం, తెలుపు, ముదురు పచ్చ. ఒక్క ముఖం లేదు. ఆ రోజు కారులో, ఆ ఉక్కలో, అట్టలు వేసేటప్పుడు మూతలు మార్చేశాను. ఎనభై పెట్టెలకు లేని పొరపాటు.

"సార్‌కు తెలుసా?" అన్నాను.

"రెండో వారమే తెలిసింది. ఫస్టు గీ కుక్క దొరికింది. కుక్క మనిషి కాదులే అన్నడు సార్. తర్వాత ముసలామె ముక్కు దొరికింది." ఇనాయత్ డబ్బాలోని ముసలామెను వేలితో చూపించాడు. "అప్పుడు చూడాలె మేడమ్ సార్‌ను. మీరు వంటింట్ల ఉన్నరు. నవ్వు ఆపుకోలేక దిండు మొఖం మీద పెట్టుకున్నడు. 'భాయ్, మా టీచరు పదకొండేండ్లకు ఒక్కటి తప్పు చేసింది. ఎవ్వలకు చెప్పొద్దు' అన్నడు. మనుషుల ముక్కలన్నీ గీ డబ్బాల దాచినం. అంత అయినంక మిమ్మల్ని పిలిచి, మీ ముంగటనే అట్ట చింపుదమని."

నేను స్టూలు మీద కూర్చున్నాను. చెక్క మీద పై భాగంలో ఉన్న బూడిదరంగు నీలం స్టేషను పైకప్పు అద్దాలని ఇప్పుడు తెలుస్తోంది. ఆయన ఉన్నప్పుడు గదిలోకి వచ్చినప్పుడల్లా నేను దాన్ని మంచు అనుకున్నాను.

"ఆసుపత్రిలో నన్ను అడిగారు" అన్నాను. "ఏం బొమ్మో చెప్పమని అడిగారు."

ఈ మాట ఆరు నెలల్లో ఎవరితోనూ అనలేదు.

"ఎరుకే. ఆ రాత్రి నాకు ఫోన్ చేసిండు గదా."

"ఏమన్నారు?"

"గదే మేడమ్. 'అడిగిన భాయ్, చెప్పలే' అన్నడు."

"సరిగ్గా ఎలా అన్నారో చెప్పండి. ఆయన మాటల్లో."

ఇనాయత్ తాడు వదిలి గోడకు ఆనుకున్నాడు. మా ఆయన కోస్తా యాసను తన గొంతులోకి తెచ్చుకోవడానికి కాసేపు పట్టింది. అది సరిగ్గా రాలేదు.

"'ఇనాయత్ భాయ్, ఇవాళ ఊరికే గిల్లి చూశాను. మంచం మీద ఉన్నాను గదా, జాలిపడి మనుషుల్లేని బొమ్మేదో చెబుతుంది, ఇంటికెళ్ళాక ఏడిపిద్దామనుకున్నాను. చెప్పలేదు భాయ్. ఇంటికొచ్చి చూసుకోమంది.' గింతే."

"ఇంకేమీ అనలేదా?"

"అన్నడు. 'గట్టి మనిషి' అన్నడు."

కింద వాచ్‌మన్ మా పికప్ హారన్ కొడుతున్నాడు. పికప్ దారికి అడ్డంగా ఉందట. ఇనాయత్ కిటికీలోంచి తొంగి, "దస్ మినిట్ భాయ్!" అని అరిచాడు.

"ఇది ఆరు నెలల కింద చెప్పాల్సింది మీరు" అన్నాను. నా గొంతు క్లాసులో ఉన్నట్టే వచ్చింది.

"మూడు జుమ్మాలు వచ్చిన మేడమ్" అన్నాడతను, కోపం లేకుండా. "ఇంట్ల ఎవ్వరు లేరన్నరు మీరు. లేనోళ్ళకు ఏం చెప్పాలె?"

అతను కిందికి వెళ్ళి బండి పక్కకు పెట్టి వచ్చాడు. నేను టీ పెట్టాను. ఫ్రిజ్‌కు తాడు కట్టేసి ఉంది కాబట్టి పాలు తీయలేకపోయాం. నల్ల టీ తాగాం. కొత్త ఇంటి యజమానికి ఫోన్ చేసి రేపు వస్తామని చెప్పాను. రేపు కూడా సెలవే.

సంచిలో వేసిన పది ముక్కలు పైకప్పులో తిరిగి పెట్టడానికి అతనికి పావుగంట పట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క పజిల్‌లోనూ నేను ఒక్క ముక్క పెట్టలేదు. బొమ్మ తెలిసిన మనిషి పెట్టకూడదని మావారి మాట. దీని బొమ్మ కూడా నాకు తెలిసినదే. అయినా కూర్చున్నాను.

"ఇనాయత్ భాయ్" అన్నాను కొంతసేపటికి. "ఇందాక చెప్పింది మళ్ళీ చెప్పండి. ఫోన్‌లో అన్నది."

అతను తల ఎత్తకుండా, చేతిలో ముక్క తిప్పుకుంటూ మొదటి నుంచి చెప్పాడు. ఈసారి ఒకటి రెండు మాటలు మారాయి. నేను సరిచేయలేదు.