ఏం పీకుతున్నావ్?

చెల్లెలి కాన్పుకని వెళ్లి, నాలుగు రోజులకు తిరిగొచ్చిన ఆమె సంచి దించీ దించకుండానే పొయ్యి దగ్గరికి వెళ్లింది. బియ్యం కడిగిన నీళ్లు చిక్కుడు పాదుకు పోద్దామని పెరటి తలుపు తీసి, గడపలోనే కొయ్యబారిపోయింది. పాదు లేదు. పందిరి లేదు. నున్నగా చదును చేసిన నేల మీద అద్దెకు తెచ్చిన పూలకుండీలు.

“ఎలా ఉంది? మనుషుల్ని పెట్టి ఒక్కరోజులో బాగుచేయించా,” అన్నాడు వెనక నుంచి భర్త. ఆయన కాలేజీలో పర్యావరణం పాఠాలు చెప్తాడు. “ఆ ఎండుతీగలూ పిచ్చిమొక్కలూ చూస్తే ఇవాళ పెరడు చూడ్డానికొచ్చే బహుమతి వాళ్లు ఏమనుకుంటారు?”

ఎండుతీగలా! అవి విత్తనానికి వదిలిన కాయలు. అమ్మమ్మ నుంచి అమ్మకు, అమ్మ నుంచి తనకు దిగిన చిక్కుడు, ఏ బజారులోనూ దొరకనిది. బల్ల మీద బహుమతికి పంపిన ఆయన వ్యాసం ఉంది, ‘మా పెరటి పాతపంటలు’ అని. ఎరువు అడగవు, పురుగుమందు అడగవు, తక్కువ నీళ్లతో బతుకుతాయి, వాననీటిని నేలలోకి దింపుతాయి, తేనెటీగల్ని పిలుస్తాయి... అక్షరం పొల్లుపోకుండా ఆమె కూరలు తరుగుతూ చెప్పిన మాటలే. మాటలన్నీ మూటగట్టుకున్న మనిషికి మొక్క ఆనవాలే తెలియదని ఆమె కలలో కూడా అనుకోలేదు. పదేళ్లుగా కాఫీ కాస్త ఆలస్యమైతే చాలు, “పొద్దస్తమానం పెరట్లో ఏం పీకుతున్నావ్?” అని ఒకటే సాధింపు. అత్తగారిదీ అదే పాట.

“అవన్నీ ఏం చేశారు?” అంది ఆమె.

“నిన్ననే చెత్తబండిలో వేసేశాంగా.”

“పోనీలేవే, నీకూ చాకిరీ తప్పింది,” అన్నారు అత్తగారు.

ఇంతలో బహుమతి వాళ్లు రానే వచ్చారు. అందరూ పెరటి గుమ్మంలోకి చేరారు. వాళ్లలో పెద్దావిడ వ్యాసం చేతపట్టుకుని అటూ ఇటూ వెతికింది.

“మీరు రాసిన చిక్కుడు ఏదండీ?”

ఆయన తడబడి, అలవాటుగా భార్య వైపు చూశాడు. ఎక్కడ ఆగినా మాట అందించేది ఆమే కదా.

చేతిలో గిన్నె ఇంకా అలాగే ఉంది. ఆ నీళ్లు పోయడానికి చోటే లేదు. ఆమె గిన్నెను గడప మీద పెట్టి, నిటారుగా నిలబడింది.

“ఏం పీకుతున్నావని రోజూ నన్నడిగేవారండీ. నాటింది నేను. పీకింది ఈయన.”