రెండు గిటార్ల నడుమ

పూల్‌సింగ్ ఖమ్మం బస్సు దిగి, రిక్షాలో రెండు పెట్టెలు వేసుకొని ఇంటి ముందుకు వచ్చేసరికి పదిన్నరయింది. పొద్దుటి నుంచీ ముసురు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి పెట్టెల మీద కప్పి, తాను మాత్రం నెత్తి మీంచి నీళ్లు కారుతుండగా లోపలికి వచ్చాడు.

“చెల్లె, ముందు వీటికి పొడి జాగ చూపియ్యి. నేను తర్వాత తుడుచుకుంట.”

“ఈ ఇంట్ల పొడి జాగ ఎక్కడుందన్నా,” అంది హైమ.

మాట వరసకు అన్నది కాదు. ఆగస్టులో గోదావరి భద్రాచలం మీద పడి, వాళ్ల ఇంట్లో మనిషి ఛాతీ లోతున నిలిచిపోయింది. కార్తీకం వచ్చినా గోడలు ఆరలేదు. రెండుసార్లు సున్నం వేయించినా, నీళ్ల గీత కింద గోడ అప్పడంలా పొంగి పెచ్చులు రాలుతోంది. ముసురు పట్టిన రోజు గచ్చు చెమట పోస్తుంది. మళ్లీ వరదొస్తే కరెంటుకు మునక ఉండకూడదని ఇంటి ఓనరు మీటరునూ మెయిన్ స్విచ్చినీ పీకించి, కప్పుకు మూరెడు కింద బిగించాడు.

వరద రోజు లారీ ఎక్కేటప్పుడు హైమ భర్త వెంకటనారాయణ నెత్తి మీద పెట్టుకున్నది ఆమె పెళ్లి చీరల పెట్టెను కాదు, గిటారును. అది అతని కంటే పదేళ్లే చిన్నది. కాజీపేటలో రిటైరైన ఒక ఆంగ్లో ఇండియన్ రైల్వే గార్డు దగ్గర కొన్నాడు. దాని వాల్వుల ఆంప్లిఫయర్ మాత్రం నాలుగు రోజులు నీళ్లలో మునిగే ఉంది. దాన్ని విప్పి పదిహేను రోజులు డాబా మీద ఎండబెట్టాడు. రేడియోలు బాగుచేసే ముసలయ్య రెండు వాల్వులు మార్చాడు. అది మళ్లీ పాడింది. ఆ రోజు వెంకటనారాయణ కళ్ల నీళ్లు పెట్టుకున్నాడు. వరద తర్వాత అతని మొహంలో వెలుగు చూడటం అదే మొదలు గనక హైమ ఏమీ అనలేకపోయింది.

కానీ ఆ ఆంప్లిఫయర్ కరుస్తుంది. వరదకు ముందు కూడా కరిచేది. ప్లగ్గుకు రెండే పిన్నులు, ఎర్తు లేదు. దానికి వైరు తగిలించిన గిటారు తీగలు ముట్టుకుంటే చేయి జివ్వుమనేది. అందుకే ఆర్కెస్ట్రాలో ఆడిన రోజుల నుంచీ వెంకటనారాయణ చెక్క పీట ఎక్కి వాయించేవాడు. కల్యాణ మండపాల్లో పెళ్లికొడుకుకొక పీట, గిటారు సారుకొక పీట వేసేవాళ్లు. కింద చెక్క ఉంటే కరెంటుకు దారి లేదు, ఏం కాదని అతని ధీమా. వరద తర్వాత ఆ జివ్వు ఇంకా పెరిగింది. అతను ఒప్పుకోలేదు.

హైమకు తెలుసు. ఆమె తండ్రి సత్తుపల్లిలో లైన్‌మెన్‌గా చేశాడు. స్తంభం మీద దూలయ్య అనే తోటి మనిషి పోయిన రోజు ఆయన అన్నం ముందు కూర్చుని ముద్ద ఎత్తకుండా అన్న మాట ఆమెకు పదేళ్లప్పుడు చెవిలో పడింది. ఒక చేయి తగిలితే విదిలిస్తది, రెండు చేతుల నడుమ దొరికితే గుండెలో నుంచి పోతది, పట్టింది వదలదు.

అందుకే పూల్‌సింగ్ పెట్టెలో తెచ్చిన కొత్త ఆంప్లిఫయర్ వైరు చివర మూడు పిన్నులు చూసినప్పుడు ఆమెకు నిజంగానే సంతోషం వేసింది. ఈ పూట కొత్తది విని ఈయన మనసు మారితే బాగుండు అనుకుంది.

పూల్‌సింగ్ ఖమ్మంలో పంతులు. ఇద్దరూ కాలేజీ నుంచి ఒకే ఆర్కెస్ట్రాలో వాయించారు. తండాలో ఇంటింటికీ డప్పు ఉండగా ఈ ఒక్కడు గిటారు పట్టాడని వాళ్ల నాయన చాన్నాళ్లు మాట్లాడలేదట. ఇప్పుడు బొంబాయి నుంచి జపాను గిటారు తెప్పించుకున్నాడు. పాత మిత్రుడికి చూపించందే నిద్ర పట్టక వచ్చాడు.

మూడు పిన్నుల సాకెట్టు ఇంట్లో ఒక్కటే ఉంది, వంటింట్లో. అక్కడి నుంచి పొడుగు వైరు లాగి ముందు గదిలోకి తెచ్చారు. పాతదాన్ని కిటికీ పక్క ప్లగ్గులో పెట్టారు. వెంకటనారాయణ పీట వేసుకొని ఎక్కాడు.

“బావా, ఎవరి పెళ్లి?” అన్నాడు పూల్‌సింగ్.

“నీ జపాను పిల్లది. మా ముసలిది ఆశీర్వాదం ఇస్తది.”

“ఇస్తది గాని, జల్దీ ఇయ్యమను. ఇదేంది, స్విచ్చి వేసి రెండు నిమిషాలాయె, ఇంకా పలకదు. పొయ్యి మీద ఎసరు పెట్టినవా?”

“వాల్వులు వేడెక్కాలె రా. వేడెక్కంది మనిషైనా పాడడు.”

పాతది నెమ్మదిగా మేలుకొని గుర్రుమని హోరు పెట్టింది. పూల్‌సింగ్ వంగి దాని స్పీకరు గుడ్డకు చెవి ఆనించాడు. “లోపల మీ తాత పండుకున్నడా?”

అతను తనది మొదలుపెట్టాడు. స్విచ్చి వేయగానే పలికింది. గురక లేదు, జీర లేదు. కొత్త బ్లేడుతో కాయితం కోసినట్టుంది ఆ స్వరం. మెడ సన్నం, తీగలు చేతికి వెన్నలా ఉన్నాయి, శ్రుతి జారదు. కాలి కింద చిన్న పెట్టె నొక్కితే గది గుహ అయినట్టు మోగింది. వెంకటనారాయణ కళ్లు మూసుకొని విన్నాడు.

“బాగుంది. తెల్లగ ఉంది. ఉప్పు లేదంతే.”

“నీ దాంట్ల బీపీ వచ్చేంత ఉప్పుంది, చాల్లే.”

హైమను గోడ వైపు తిప్పి నిలబెట్టారు. ఇద్దరూ ఒకే పాట ఒకరి తర్వాత ఒకరు వాయించారు. మొదటిది నిఖార్సుగా ఉంది. రెండోది, ఎట్లా చెప్పాలి, గొంతు కొంచెం బొంగురు పోయిన పెద్దక్క పాడుతున్నట్టుంది. ఆమె అబద్ధం ఆడి ఉండాల్సింది. “రెండోదే బాగుంది,” అనేసింది. వెంకటనారాయణ పీట మీద నుంచే చేతులెత్తి దండం పెట్టాడు. తన నోటితోనే ఆ కరిచేదాన్ని ఇంట్లో నిలబెట్టానని ఆమెకు అప్పుడు తోచింది.

చాయ్ తాగడానికి ఆగినప్పుడు రెండు గిటార్లనూ వైర్లతోనే నవారు మంచం మీద పక్కపక్కన పెట్టారు. పూల్‌సింగ్ మంచం మీద కూలబడగానే నవారు కుంగింది. పాతది జరిగి కొత్తదాని తీగలకు ఒరిగింది. చిటుక్కుమని నీలం నిప్పురవ్వ లేచింది.

“అరెరె, అత్తాకోడళ్లకు అప్పుడే పడ్డది,” అని పూల్‌సింగ్ పాతదాన్ని పట్టీ పట్టి ఎడంగా జరిపాడు. వెంకటనారాయణ నవ్వాడు.

హైమ చాయ్ గ్లాసు కింద పెట్టేసింది. అప్పటిదాకా ఆమె అనుకున్నది వేరు. కొత్తది మంచిది, పాతది చెడ్డది అనుకుంది. ఇప్పుడు అర్థమైంది. పాతదాని తీగల్లో కరెంటు ఉంది, దారి లేక ఊరుకుంది. కొత్తదాని తీగలు మూడో పిన్ను గుండా నేలలోకి నేరుగా దారి. పీట కాళ్లకు కాపలా గాని చేతులకు కాదు. ఒక చేయి దాని మీద, ఒక చేయి దీని మీద వేసిన మనిషి ఆ దారికి వంతెన అవుతాడు.

“ఏమండీ, రెండూ ఒకేసారి ముట్టుకోవద్దు,” అంది.

“ఎందుకు?”

ఆమె చెప్పింది. తడబడుతూ చెప్పింది. తండ్రి వాడే టెస్టరు తెచ్చి పాతదాని తీగకు పెట్టి చూపింది. లోపల ఎర్ర దీపం వెలిగింది.

“ముక్కుపుడక లెక్క మెరుస్తుంది,” అన్నాడు పూల్‌సింగ్.

“అది ఇరవై ఏళ్ల సంది మెరుస్తనే ఉంది,” అన్నాడు వెంకటనారాయణ. “లైన్‌మెన్ బిడ్డను చేసుకుంటే గిట్లనే ఉంటది రా. చీర మీద మిణుగురు వాలినా ఫ్యూజు పీకుతది.”

“నగవద్దు,” అంది హైమ. “గిటార్లు మార్చుకునేటప్పుడు ఒకరు మంచం మీద పెట్టి పక్కకు జరగాలె. అప్పుడు రెండోవాళ్లు తీసుకోవాలె. చేతి నుంచి చేతికి వద్దు.”

ఆమె మొహం చూసి పూల్‌సింగ్ నవ్వు తగ్గించాడు. “అవ్ చెల్లె, గట్లనే చేద్దాం.”

వాళ్లు మళ్లీ మొదలుపెట్టారు. హైమ వంటింట్లోకి పోలేకపోయింది. పొయ్యి మీద పప్పు ఉంది. అది అడుగంటుతున్న వాసన వస్తోంది. మెయిన్ స్విచ్చి వైపు చూసింది. కప్పు కింద, ఆమె చేతికి బారెడు పైన ఉంది. పొడుగు దండెం మీద బట్టలు ఆరేసే వెదురు కర్ర తెచ్చుకొని తలుపు దగ్గర నిలబడింది. ఇప్పుడే పైకెత్తి స్విచ్చి కొట్టేస్తే సరిపోతుంది అనుకుంది. తర్వాత ఏం చెప్పాలి? మూడేళ్ల తర్వాత వచ్చిన స్నేహితుడి ముందు ఆయన మొహం ఎట్లా అయిపోతుంది? ఇంకో పాట అయ్యాక చూద్దాం అనుకుంది.

“బావా, తప్పు వాయిస్తే చెల్లె కర్రతో కొట్టేటట్టుంది.”

“నువ్వు చూసుకో. నాకు అలవాటే.”

ఒకసారి మార్చుకున్నారు, పీటతో సహా. మంచం మీద పెట్టి, జరిగి, తీసుకున్నారు. రెండోసారీ అంతే. ప్రతిసారీ హైమ వాళ్ల చేతులనే చూసింది. తర్వాత వెంకటనారాయణకు ఒక ఆలోచన వచ్చింది. కొత్త గిటారును పాత ఆంప్లిఫయర్‌లో వింటే ఎట్లుంటుంది?

“మా ముసలిదాని గొంతుల మీ పిల్లను పాడిద్దాం. ఇటియ్యి.”

మాటల వేడిలో ఉన్నారు. పాత గిటారు వెంకటనారాయణ భుజానికే ఉంది, ఎడమ చేయి దాని తీగల మీదే ఉంది. పూల్‌సింగ్ కొత్తదాన్ని వైరు పీకకుండానే పట్టీ పట్టుకొని ముందుకు చాచాడు. హైమ నోరు తెరిచేలోగా వెంకటనారాయణ కుడి చేత్తో దాని మెడ అందుకున్నాడు.

అరుపు లేదు. పాత ఆంప్లిఫయర్ మాత్రం ఎద్దు రంకె వేసినట్టు అరిచింది. వెంకటనారాయణ పీట మీద నిటారుగా బిగుసుకొని, రెండు పిడికిళ్లు రెండు గిటార్లను పిసుకుతుండగా కంపిస్తున్నాడు. పాట ఆఖరున ఒళ్లంతా ఊపడం అతనికి అలవాటు. ఆర్కెస్ట్రాలో జనం దానికే ఈలలు వేసేవాళ్లు. పూల్‌సింగ్ నవ్వుతున్నాడు.

“ముట్టుకోకన్నా,” అని హైమ కర్ర ఎత్తింది.

మొదటి దెబ్బ గోడకు తగిలింది. సున్నం పెచ్చు రాలి కళ్లలో పడింది. ఆమెకు స్విచ్చి కనిపించలేదు. రెండో దెబ్బ ఇనుప పెట్టెకు తగిలి కర్ర జారింది. మూడోసారి కొన స్విచ్చి పిడికి పైన ఆనింది. ఒంటి బరువంతా వేసి కిందికి గుంజింది.

హోరు ఆగిపోయింది. వెంకటనారాయణ పీట మీద నుంచి బొమ్మలా పడ్డాడు.

కళ్లు తెరిచే ఉన్నాయి. రెప్ప వేయడం లేదు. హైమ అతని చొక్కా చింపి ఛాతీ మీద రెండు అరచేతులతో అదిమింది. ఎందుకు అదుముతున్నదో, ఎట్లా అదమాలో తెలియదు. మళ్లీ అదిమింది. పూల్‌సింగ్ అతని పాదాలు రుద్దుతూ, ఏడుస్తూ, తండా మాటల్లో ఏదో అంటున్నాడు. బయట ముసురు చప్పుడు వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది ఇల్లు. ఆమె మళ్లీ అదిమింది. అతని గొంతులో నుంచి ఈలలాంటి సన్నని శబ్దం వచ్చింది. తర్వాత దగ్గాడు.

దవాఖానాలో డాక్టరు చాలాసేపు గుండె విన్నాడు. ఎడమ చేతి వేళ్ల మీద తీగలు తెల్లగా అచ్చుపడ్డాయి. కుడి అరచేతిలో బొబ్బలు. కట్టు కట్టి, సాయంత్రం దాకా ఇక్కడే పడుకోబెట్టాలి అన్నాడు. హైమ బెంచీ మీద కూర్చొని అతని పొట్ట లేవడం, దిగడం చూస్తూనే ఉంది. రెండో మార్పిడి అయినప్పుడే కర్ర ఎత్తి ఉంటే అనుకుంది. ఆయన మొహం చిన్నబోతుందని ఆగింది. ఆయన మొహం నల్లబడటం చూసింది.

“పాతదాన్ని గోదాట్ల కలిపేస్త, చెల్లె,” అన్నాడు పూల్‌సింగ్. పొద్దున తడిసిన బట్టలు అతని ఒంటి మీదే ఆరాయి. “నేను తేకపోతే గిదంత కాకపోవు.”

“పాతదాని వల్ల కాదన్నా. కొత్తదాని వల్లా కాదు. చెప్పిన మాట వినకపోవడం వల్ల.”

అంత కటువుగా ఆమె ఎన్నడూ ఎవరితోనూ మాట్లాడలేదు.

నాలుగింటికి డాక్టరు మళ్లీ విని, ఇంటికి తీసుకుపోవచ్చు, మూడు రోజులు బరువు ఎత్తనివ్వకండి అన్నాడు. పూల్‌సింగ్ రిక్షా పిలవడానికి పోయాడు. హైమ భర్త మోచేయి పట్టుకొని మెల్లగా బయటికి నడిపించింది. ముసురు ఆగింది. దవాఖానా ముందు ఇనుప గేటు ఎవరో మూసి పోయారు. చువ్వల నుంచి నీళ్లు బొట్లు బొట్లుగా కారుతున్నాయి.

గేటు ముందు వెంకటనారాయణ ఆగిపోయాడు. కట్టు కట్టిన చేయి సగం లేచి, మళ్లీ పొట్టకు ఆనుకుంది.

“ఏమైంది?” అంది హైమ. “నొస్తుందా?”

“లేదు.” అతను గేటు వైపే చూస్తున్నాడు. గోడ మీదుగా పోతున్న వైరును చూశాడు. మళ్లీ గేటును చూశాడు. “హైమా, ముందు నువ్వు ముట్టుకో.”

పెళ్లయిన పదకొండేళ్లలో ఆమె చెప్పింది సరైనదని అతను ఒప్పుకోవడం అదే మొదలు. ఆ మాటకు ఆమెకు కోపం వచ్చింది. ఏడుపూ వచ్చింది. అది ఉత్త ఇనుము అని, అందులో కరెంటు ఉండదని ఆమెకు తెలుసు. తెలిసి కూడా ఆమె చేయి గాలిలో ఒక క్షణం ఆగింది. అతను అది చూడకుండా తన ఒళ్లు అడ్డం పెట్టి, గేటును తోసింది.

“ఏం లేదు,” అంది. “రండి.”