పెదనాయన బొటనవేలు

ప్రేమయ్య ఊపిరి ఆగిందని తెలిసినప్పుడు సంతోషమ్మ ఏడవలేదు. లేచి తలుపు గడియ పెట్టింది.

కుండ అడుగున మసి గోకి ఆముదంలో కలిపింది. భర్త ఎడమ బొటనవేలికి పూసి, పోస్టాఫీసు కాగితం మీద నొక్కింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది. కాగితం రవికలో దాచుకుని, గడియ తీసి, అప్పుడు గొంతెత్తి ఏడ్చింది.

ప్రేమయ్యా అతని తమ్ముడూ పనిచేసే బేతంచెర్ల రాతిగనిలో మందు తోటా పేలి తమ్ముడు చనిపోయాడు. నష్టపరిహారంగా వచ్చిన, ఆ కాలానికి పెద్ద మొత్తమే అయిన ఐదు వందల రూపాయలూ అతని కూతురు కృపమణి పేరున పోస్టాఫీసులో వేశారు. తల్లి లేని పిల్ల, మైనరు. డబ్బు తీయాలంటే గార్డియను ప్రేమయ్య వేలిముద్ర ఉండాలి. పిల్ల బడి ఖర్చుకు కొంత తీద్దామని అతనే ఆ ఖాళీ కాగితం తెచ్చిపెట్టుకున్నాడు. అంతలో జ్వరం పడ్డాడు.

అతను పోతే, పిల్ల పెద్దయ్యేదాకా ఆ డబ్బు సర్కారు దగ్గరే ఉండిపోతుందని సంతోషమ్మ అనుకుంది. ఈలోగా వడ్డీ వ్యాపారి పుల్లయ్య దగ్గర తాకట్టులో ఉన్న తమ రెండెకరాలు, ఆ డబ్బుతో విడిపించకపోతే, చేజారిపోతాయి. తన కడుపున పుట్టిన ఇద్దరూ ఏం తినాలి?

శవానికి స్నానం చేయించేటప్పుడు పెదనాయన చేతులు తానే కడుగుతానంది పన్నెండేళ్ల కృపమణి. నల్లటి బొటనవేలిని సీకాయతో రుద్ది రుద్ది తలెత్తింది.

"గనిలో మందు మసి శానా పట్టుకోనుండాది పెద్దమ్మా. పోనే పోదు."

"చాల్లే, వదిలిపెట్టు" అంది సంతోషమ్మ మొహం తిప్పుకుని.

సమాధి చేసిన వారానికి ఆమె పోస్టాఫీసుకు బయలుదేరింది. మనిషి బతికుండగానే వేసిన ముద్ర అని చెప్పాలని దారి పొడుగునా మనసులో వల్లించుకుంది. కృపమణి కొంగు వదలకుండా వెంట వచ్చింది.

పోస్టుమాస్టరు ఖాజా మొహిద్దీన్ పాసుపుస్తకం చూడగానే ప్రేమయ్య మంచితనం తలుచుకుని బాధపడ్డాడు. ఆమె నోరు తెరవకముందే ఇంకో కాగితం తీశాడు.

"దీనికేం దిగులు పడాల్సిన పన్లేదమ్మా. గార్డియను పోతే, పిల్లను సాకేటోళ్ల పేరు రాస్తాం. దుడ్లు మాత్రం ఆ పిల్లకే ఖర్చు పెట్టాల. ఎవురి పేరు రాయమంటావు?"

"పెద్దమ్మ పేరే రాయి తాతా. ఆయమ్మ కాక నాకెవురుండారు?" అంది కృపమణి.

ఆయన నవ్వి సిరాదిండు ముందుకు తోశాడు.

సంతోషమ్మ చెయ్యి చాచింది. అది సగంలో ఆగిపోయింది. దొంగచాటుగా చేయబోయిన పని ఇకమీదట దర్జాగా చేయొచ్చు. అడిగేవాళ్లుండరు. రేపు పుల్లయ్య గుమ్మంలో నిలబడితే ఈ చెయ్యి ఎటు పోతుందో ఆమెకు తెలుసు.

"నా పేరొద్దు సాయబూ. బడి పంతులమ్మ జ్ఞానమణి పేరు రాయి. ఆయమ్మను పిల్చకొస్తా."

"అదేందమ్మా? పిల్ల మీ ఇంట్లో గదా ఉండేది."

"ఎందుకని అడగొద్దు."

కృపమణి కొంగు వదిలేసింది. వీధిలోకి వచ్చాక అడిగింది.

"నేను నీకు బరువైతినా పెద్దమ్మా?"

కాదని చెప్పాలంటే ఎందుకో కూడా చెప్పాలి. పిల్ల కాసేపు చూసి, తలదించుకుని ముందు నడిచింది.

సంతోషమ్మ రవికలోంచి కాగితం తీసి ముక్కలు ముక్కలుగా చింపింది. రెండెకరాలు ఇక పోయినట్టే. కృపమణి వెనక్కి తిరిగి చూడలేదు.